చీమకుర్తి ఫ్యాక్టరీ సర్వరుకు డిస్కు ఎంత పెట్టాలి? 500 జీబీనా, 8 టీబీనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ, రెండు కటింగ్ ఫ్యాక్టరీలు, ఒంగోలులో ఆఫీసు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ముప్పై మంది వాడే ఈఆర్‌పీ (బిల్లులు, స్టాక్, ఖాతాలు అన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్), దాని డేటాబేస్‌కు విండోస్ సర్వర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్. మూడేళ్ల డేటాబేస్ 38 జీబీ, దానిలో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైలు 140 జీబీ, పదిహేను నెలలుగా తీస్తున్న బ్లాకుల ఫొటోలు 310 జీబీ. రెండు 1 టీబీ డిస్కులు మిర్రర్‌లో ఉన్నాయి (ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాసే ఏర్పాటు), వాటిలో 60 జీబీ మిగిలింది. కొత్త సర్వరుకు ఒక వెండరు 500 జీబీ చాలన్నాడు, ఇంకొకాయన 8 టీబీకి కొటేషన్ ఇచ్చాడు. ఐదేళ్లకు సరిపడా ఎంత తీసుకోవాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరిలో ఎవరూ మీ సర్వరు తెరిచి చూసినట్టు లేదు. మొదటాయన డేటాబేస్ సైజు ఒక్కటే అడిగి దాన్ని పదింతలకు పైగా చేశాడు. రెండో ఆయన ఎక్కువ ఉంటే గొడవ ఉండదనుకున్నాడు. నేను మీరిచ్చిన అంకెలనే కూడి చూశాను. 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనబడుతుంది, ఎందుకంటే తయారీదారు వెయ్యితో లెక్క కడితే విండోస్ 1024తో కడుతుంది. అందులో 60 మిగిలితే వాడింది 871. డేటాబేస్, లాగ్, ఫొటోలు కలిపి 488. విండోస్, ఎస్‌క్యూఎల్, ఈఆర్‌పీ ప్రోగ్రాములకు మహా అయితే 90 వేయండి. ఇంకా 290 జీబీ దాకా లెక్కకు రాలేదు. దాని ఊసు మీ ప్రశ్నలో లేదు, ఇద్దరు వెండర్ల కొటేషన్లలోనూ ఉండి ఉండదు. బిజినెస్ సర్వర్ల డిస్కు నిండేది ఎప్పుడూ ఇలాగే. అసలు డేటా కొంచెమే ఉంటుంది, దాని చుట్టూ పోగుపడేదే ఎక్కువ. కాబట్టి మీ డేటా ఎంత అని కాకుండా, మీ సర్వరులో ఏమేం పోగుపడుతున్నాయి, ఎంత వేగంగా పోగుపడుతున్నాయి అని లెక్క మొదలుపెట్టాలి.

కొత్త సర్వరు సంగతి చెప్పేలోపు, ఉన్న సర్వరులో 60 జీబీ మాత్రమే మిగిలిందన్నారు కదా, అది ఈ వారంలోనే చూడాల్సిన పని. 38 జీబీ డేటాకు 140 జీబీ లాగ్ ఫైలు ఉందంటే దాదాపుగా ఒకటే అర్థం: రికవరీ మోడల్ (లాగ్‌ను ఎప్పటిదాకా ఉంచాలో చెప్పే సెట్టింగ్) ఫుల్‌లో ఉంది, డేటాబేస్ బ్యాకప్ తీస్తున్నారు గానీ లాగ్ బ్యాకప్ తీయడం లేదు. ఫుల్ మోడల్‌లో లాగ్ బ్యాకప్ తీసేదాకా పాత ఎంట్రీల జాగాను ఎస్‌క్యూఎల్ సర్వర్ మళ్లీ వాడుకోదు. ఎన్ని ఫుల్ బ్యాకప్‌లు తీసినా లాగ్ పెరుగుతూనే ఉంటుంది. నిర్ధారణ చేసుకోవాలంటే సిస్ డేటాబేసెస్ అనే వ్యూలో లాగ్ రీయూజ్ వెయిట్ వివరణ ఉండే కాలమ్ చూడండి. అక్కడ లాగ్ బ్యాకప్ అని ఉంటే నేను చెప్పిందే. యాక్టివ్ ట్రాన్సాక్షన్ అనో రెప్లికేషన్ అనో ఉంటే కథ వేరు, అప్పుడు వెండరును పిలవండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, తొందరలో చాలామంది దీని దగ్గరే ఇరుక్కుంటారు. మొదటి లాగ్ బ్యాకప్ చిన్నదిగా ఉండదు. లాగ్‌లో నిజంగా నిండి ఉన్నదంతా అందులోకి వస్తుంది. అది వంద జీబీ దాటినా దాటవచ్చు. దాన్ని 60 జీబీ మిగిలిన అదే డిస్కు మీదకు తీస్తే మధ్యలోనే డిస్కు నిండి ఈఆర్‌పీ ఆగిపోతుంది. బయటి యూఎస్‌బీ డిస్కు మీదకో, వేరే మెషీన్ షేర్ మీదకో, కంప్రెషన్ ఆన్ చేసి తీయండి. స్టాండర్డ్ ఎడిషన్‌లో కంప్రెషన్ ఉంటుంది గానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాకప్ అయ్యాక ఫైలు తనంతట తాను చిన్నదవదు, లోపల మాత్రమే ఖాళీ అవుతుంది. అప్పుడు ఒక్కసారి లాగ్ ఫైలును ష్రింక్ చేసి, అంటే సైజు తగ్గించి, 20 జీబీ దగ్గర నిలపండి. మొదటిసారి తగ్గకపోతే ఇంకో లాగ్ బ్యాకప్ తీసి మళ్లీ ష్రింక్ చేయండి, వాడుకలో ఉన్న భాగం ఫైలు చివర్న ఉంటే అలా జరుగుతుంది. ఆ తర్వాత అరగంటకోసారి లాగ్ బ్యాకప్ జరిగేలా జాబ్ పెట్టేయండి.

రికవరీ మోడల్‌ను సింపుల్‌కి మార్చేస్తే పోతుంది కదా అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, లాగ్ పెరగడం ఆగుతుంది. కానీ సాయంత్రం నాలుగింటికి డిస్కు పోతే, ముందు రాత్రి బ్యాకప్ తర్వాత ముప్పై మంది కొట్టిన బిల్లులు, వేబ్రిడ్జి తూకాలు, స్లాబుల కొలతలు అన్నీ పోతాయి. ఫుల్ మోడల్, అరగంటకో లాగ్ బ్యాకప్ ఉంటే పోయేది మహా అయితే అరగంట పని. మీ స్థాయి వ్యాపారానికి సింపుల్ మోడల్ సరికాదని నా గట్టి అభిప్రాయం. అలాగే డేటా ఫైలును నెలనెలా ష్రింక్ చేసే జాబు ఏదైనా ఎవరైనా పెట్టి ఉంటే తీసేయండి. ఇండెక్సులు (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచికలు) ముక్కలవుతాయి, ఫైలు మళ్లీ పెరగనే పెరుగుతుంది, మధ్యలో సర్వరు నెమ్మదిస్తుంది.

ఇక ఆ 290 జీబీ. ఏ ఫోల్డరు ఎంత జాగా తింటోందో చూపించే విజ్‌ట్రీ లాంటి టూల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. పది నిమిషాల్లో తేలిపోతుంది. నేను నెల్లూరు, ఒంగోలు సర్వర్లలో మళ్లీ మళ్లీ చూసినవి ఇవే: అదే డిస్కు మీద పేరుకుపోయిన రాత్రి బ్యాకప్‌లు, ప్రతి మార్చి 31 తర్వాత ఎవరో కాపీ చేసి వదిలేసిన పాత సంవత్సరం డేటాబేస్, ఈఆర్‌పీ అప్‌డేట్ పరీక్షించడానికి వెండరు రీస్టోర్ చేసి మరిచిపోయిన టెస్ట్ డేటాబేస్. ఈఆర్‌పీ బ్రౌజర్‌లో నడిచేదైతే ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వరు) లాగ్‌లు కూడా చూడండి. వాటిని విండోస్ తనంతట తాను ఎప్పుడూ తీసేయదు, సర్వరు పెట్టిన రోజు నుంచి ఉన్నవన్నీ ఉంటాయి. టూల్‌లో కూడా కొంత జాగా తేలకపోతే షాడో కాపీలు (విండోస్ దాచుకునే పాత వెర్షన్లు) ఎంత తింటున్నాయో చూడండి.

టెస్ట్ డేటాబేస్ గురించి ఇంకో మాట చెప్పాలి. బ్యాకప్ ఫైలు 12 జీబీ ఉందని రీస్టోర్‌కు 12 జీబీ చాలదు. రీస్టోర్ చేసేటప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్ అసలు ఫైళ్లు ఎంత సైజులో ఉన్నాయో అంతే సైజులో మళ్లీ సృష్టిస్తుంది, లోపల ఖాళీగా ఉన్నా సరే. మీ దగ్గరైతే 38 జీబీ డేటా, 140 జీబీ లాగ్, వెరసి 178 జీబీ ఉంటేగానీ రీస్టోర్ మొదలు కాదు. లెక్క దొరకని జాగాలో పెద్ద ముక్క ఇదే అయినా నేను ఆశ్చర్యపోను. ఆపద వేళ రాత్రి పదకొండింటికి వేరే మెషీన్‌లో రీస్టోర్ చేద్దామని కూర్చున్నప్పుడు ఈ సంగతి తెలిస్తే చాలా కష్టం.

ఇప్పుడు కొత్త సర్వరు లెక్క. డేటాబేస్ పెరుగుదలను ఊహించక్కర్లేదు, మీ సర్వరులోనే రాసి ఉంటుంది. ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లో బ్యాకప్‌సెట్ టేబుల్ ఉంటుంది. తీసిన ప్రతి బ్యాకప్ తేదీ, సైజు అందులో ఉంటాయి. పాత చరిత్రను ఎవరూ తుడిచేయకపోతే మూడేళ్ల పెరుగుదల నెలవారీగా ఎక్సెల్‌లోకి వచ్చేస్తుంది. మూడేళ్లకు 38 అంటే ఏడాదికి 13 అని భాగించకండి. మొదటి ఏడాది పదిమందే వాడి ఉంటారు, ఆ తర్వాత రెండో ఫ్యాక్టరీ కలిసింది. ఆఖరి పన్నెండు నెలల పెరుగుదలే తీసుకోండి.

పైగా కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ తప్పనిసరి. ప్రతి ఎంట్రీలో ఏం మారింది, ఎప్పుడు మారిందన్నది రాసి ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. అంటే ఒక ఇన్‌వాయిస్‌ను నాలుగుసార్లు దిద్దితే నాలుగు చరిత్రలూ డిస్కు మీదే ఉంటాయి. జాగా కోసం ఆ టేబుల్ ఖాళీ చేద్దామన్న సలహా ఎవరిచ్చినా వినకండి. కంపెనీల చట్టం సెక్షన్ 128 ప్రకారం ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్‌టీ రికార్డులైతే వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. కాబట్టి మీరు ఐదేళ్లకు ప్లాన్ అన్నా, తీసేయడానికి వీల్లేని డేటా ఎనిమిదేళ్లది. డిస్కు ఐదేళ్లకు మార్చినా ఈ లెక్క మారదు.

మీరిచ్చిన అంకెల మీద ఏడాదికి 20 జీబీ పెరుగుతుందని పట్టుకుంటున్నాను. ఐదేళ్లకు 138 అవుతుంది, 150 అందాం. ఒక టెస్ట్ కాపీకి ఇంకో 150. ఇది విలాసం కాదు, వెండరు అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ కావాల్సిందే. ఇండెక్స్ రీబిల్డ్ చేసేటప్పుడు పాతది ఉండగానే కొత్తది పక్కన కడుతుంది, కాబట్టి మీ అతి పెద్ద టేబుల్‌కు సరిపడా ఖాళీ కావాలి. దానికి, వెర్షన్ అప్‌గ్రేడ్‌లకు కలిపి 60. లాగ్‌లకు రెండు డేటాబేస్‌లకూ 80, ఎస్‌క్యూఎల్ తాత్కాలిక పనులకు వాడుకునే టెంప్‌డీబీకి 30. మొత్తం 470 జీబీ. నెలాఖరున స్టాక్ వాల్యుయేషన్ రిపోర్ట్ తీస్తే టెంప్‌డీబీ ఒక్కసారిగా ఉబ్బుతుంది, దానికి ముందే సైజు ఇచ్చేసి, ఆటోగ్రోత్ (ఫైలు ఒక్కోసారి ఎంత పెరగాలన్న సెట్టింగ్) శాతంలో కాకుండా 512 ఎంబీ లాంటి స్థిరమైన అంకెలో పెట్టండి.

ఇక్కడొకటి పరీక్షించండి. మేనేజ్‌మెంట్ స్టూడియోలో డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి, రిపోర్ట్స్‌లో డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్ తెరవండి. పైనున్న రెండు మూడు టేబుళ్లలో అటాచ్‌మెంట్స్ అనో డాక్యుమెంట్స్ అనో కనబడితే, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు డేటాబేస్ లోపలే కూర్చుంటున్నాయని అర్థం. అప్పుడు మీ పెరుగుదల 20 దగ్గర ఆగదు, బ్యాకప్ కంప్రెషన్ కూడా పెద్దగా పనిచేయదు, పీడీఎఫ్‌లు, జేపీజీలు ముందే కుదించినవి కాబట్టి. వాటిని ఫోల్డర్‌లో పెట్టే సెట్టింగ్ ఉందేమో వెండరును అడగండి.

ఫొటోల సంగతి మీ ప్రశ్నలో ఒక్క లైనులో రాశారు గానీ, మీ డిస్కును మింగేది అదే. బ్లాకుకు ఎనిమిది ఫొటోలు, ఫోనుతో తీసినవి, ఒక్కోటి 4 ఎంబీ అన్నారు. రోజుకు పాతిక బ్లాకులంటే 800 ఎంబీ. ఏడాదికి 300 పని దినాలేసుకుంటే 240 జీబీ. పదిహేను నెలలకు 300 అవుతుంది, మీరు చెప్పిన 310తో సరిపోయింది, అంటే మన లెక్క నిజానికి దగ్గరగానే ఉంది. ఇలాగే వదిలేస్తే ఐదేళ్లకు ఇంకో 1200 కలిసి ఒకటిన్నర టీబీ. మీ మొత్తం అకౌంట్స్, స్టాక్, జీతాలు అన్నీ కలిపినదానికి పదింతలు!

గెలాక్సీ రాయి (బంగారు చుక్కలుండే చీమకుర్తి నల్ల గ్రానైట్) అమ్మకానికి ఈ ఫొటోలు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయి, గీతగానీ పగులుగానీ ఉందా, బ్లాకు మీద రాసిన నంబరు, కొలతలు చదవగలుగుతున్నామా అన్నది కొనేవాడు ఫొటో చూసే చెప్తాడు. సరుకు చేరాక పేచీ వస్తే ఒరిజినల్ ఫొటోయే సాక్ష్యం. కాబట్టి మొదటి రోజే చిన్నవి చేయమని నేను చెప్పను. ఏడాదిపాటు ఒరిజినల్ అలాగే ఉంచండి. బ్లాకు అమ్ముడై, డబ్బు వచ్చి, ఏడాది దాటాక పొడవు 2000 పిక్సెల్స్‌కు తగ్గిస్తే ఫొటో అర ఎంబీ దగ్గరకు వస్తుంది. ఆ సైజులో కూడా మార్కింగ్ నంబరు చక్కగా చదవవచ్చు. ఒక పది పాత ఫొటోల మీద చేసి చూసి, మీ మార్కెటింగ్ వాళ్లకు చూపించి ఒప్పించాకే అమలు చేయండి. ఇలా చేస్తే ఎప్పుడూ తిరుగుతుండే ఒరిజినల్స్ 240, కుదించినవి ఏడాదికి 30 చొప్పున ఐదేళ్లకు 150, స్కాన్ కాగితాలకు ఇంకో 100. అంటే 500 లోపే. పేచీలో ఉన్న బ్లాకుల ఫొటోలకు మాత్రం వేరే ఫోల్డర్ పెట్టి, ఫొటోలు కుదించే స్క్రిప్టు దాని జోలికి వెళ్లకుండా చూడండి.

ఇవన్నీ ఒకే డిస్కు మీద కలిపేయకండి. విండోస్‌కు రెండు 480 జీబీ ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో. డేటాబేస్‌కు రెండు 960 జీబీ ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో, సర్వర్ గ్రేడ్‌వే తీసుకోండి, ఇంటి కంప్యూటర్‌వి వద్దు. 960 అంటే 894గా కనబడుతుంది, మన 470 ఐదేళ్ల తర్వాత కూడా సగం కొద్దిగా దాటుతుంది. ఎనిమిదేళ్ల డేటా ఉంచాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. ఫొటోలకు ఎస్ఎస్‌డీ అక్కర్లేదు, రెండు 2 టీబీ హార్డ్ డిస్కులు మిర్రర్‌లో చాలు. డేటాబేస్ వాల్యూమ్‌ను ఫార్మాట్ చేసేటప్పుడు అలొకేషన్ యూనిట్ సైజు 64 కేబీ ఎంచుకోండి. సర్వరు ఛాసిస్‌లో రెండు బేలు (డిస్కు పెట్టే అరలు) ఖాళీగా ఉండే మోడల్ అడగండి. ఈరోజు 8 టీబీ కొనడం కన్నా మూడో ఏట రెండు డిస్కులు చేర్చగలిగే వీలుండటం మేలు. ఇలా విడదీసినందుకు ఫలితం ఏమిటంటే, ఎవరో ఒకరోజు ఫొటోల ఫోల్డర్‌లోకి వీడియోలు కుమ్మరించి దాన్ని నింపేసినా, మీ బిల్లింగ్ ఆగదు. ఇప్పుడున్న ఏర్పాటులో అలా జరిగితే లాగ్ ఫైలు పెరగడానికి చోటు లేక 9002 ఎర్రర్ వస్తుంది. ఇన్‌వాయిస్ రాదు, ఈ-వే బిల్లు రాదు, బ్లాకు ఎక్కించిన లారీ వేబ్రిడ్జి దగ్గరే నిలబడిపోతుంది.

ఏ వాల్యూమైనా 75 శాతం దాటకుండా చూసుకోండి. 75కి ఒక మెయిల్, 85కి ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ వచ్చేలా పెట్టండి. ఆ ఇద్దరిలో ఒకరు మేనేజర్ అయితే మంచిది. కంప్యూటర్ కుర్రాడి ఒక్కడి మెయిల్‌కే పోతే, ఆ అబ్బాయి ఉద్యోగం మారిన నెలలో అలర్ట్ చూసేవాళ్లుండరు.

మిర్రర్ బ్యాకప్ కాదు. డిస్కు చెడిపోతే కాపాడుతుంది, తప్పుగా డిలీట్ చేసినా, రాన్సమ్‌వేర్ వచ్చినా రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. బ్యాకప్‌కు వేరే న్యాస్ బాక్సు (నెట్‌వర్క్‌లో కలిపే డిస్కుల పెట్టె) తీసుకుని దాన్ని ఒంగోలు ఆఫీసులో పెట్టండి. ఇరవై కిలోమీటర్ల దూరం మీకు కలిసొచ్చే విషయమే, వాడుకోండి. వారానికో ఫుల్ బ్యాకప్, రోజుకో డిఫరెన్షియల్ (ఆ ఫుల్ తర్వాత మారినవి మాత్రమే), అరగంటకో లాగ్. నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి, ఏడాదికొకటి చొప్పున ఎనిమిది, పైన ఫొటోల కాపీ, అన్నీ కలిపినా ఐదో ఏటికి 2 టీబీ లోపే వస్తుందని నా అంచనా. రెండు 4 టీబీ డిస్కులు మిర్రర్‌లో ఉంటే నిశ్చింత. న్యాస్‌కు సర్వరు అడ్మిన్ పాస్‌వర్డే పెట్టకండి, వేరే యూజర్ పెట్టి స్నాప్‌షాట్లు (ఒక్కో సమయంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచే కాపీలు) ఆన్ చేయండి. 2022 సవరణ తర్వాత కంపెనీలు ఖాతాల బ్యాకప్‌ను భారత్‌లో ఉన్న సర్వరులో రోజూ ఉంచాలి, కాబట్టి క్లౌడ్ కాపీ కూడా పెట్టుకుంటే ఇండియా రీజియన్‌నే ఎంచుకోండి.

ఒక స్పేర్ ఎస్ఎస్‌డీ, ఒక స్పేర్ హార్డ్ డిస్కు కూడా ఇప్పుడే కొని బీరువాలో పెట్టుకోండి. మన వైపు సర్వరు పార్టులు చాలావరకు చెన్నై నుంచో విజయవాడ నుంచో రావాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి, రైళ్లు కూడా ఆగిపోయినప్పుడు ఏ పార్టూ టైముకు రాలేదు. మిర్రర్‌లో ఒక డిస్కు పోయాక రెండోది ఒంటరిగా ఎన్ని రోజులు నడుస్తుందన్నది అదృష్టానికి వదిలేయకూడదు. సర్వరు గది పాలిషింగ్ లైను పక్కనైతే దాన్నీ మార్చండి. రాతి పొడి ఫ్యాన్లలోకి పోయి వేడెక్కుతుంది, అదురు హార్డ్ డిస్కులకు మంచిది కాదు.

ఇది చదివే రైస్ మిల్లుల వాళ్లకు ఒక్క మాట. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట, కోవూరు వైపు చాలామంది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ మీదే నడుపుతుంటారు. 2022 వెర్షన్ దాకా అందులో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీయే హద్దు, 2025 వెర్షన్‌లో 50 చేశారు. డిస్కులో 800 జీబీ ఖాళీ ఉన్నా 10 దాటితే ఎంట్రీ పడదు. మీకు 8 జీబీ దాటి ఉంటే డిస్కు గురించి కాదు, ఎడిషన్ గురించి ఆలోచించండి. ఈ లెక్కలో లాగ్ ఫైలు కలవదు.

వెండర్లిద్దరికీ ఇదే కాన్ఫిగరేషన్ రాసి పంపి, రేటు మళ్లీ అడగండి. కొటేషన్‌లో మొత్తం టీబీ కాకుండా, మిర్రర్ తర్వాత వాడుకోవడానికి వచ్చేది ఎంతో విడిగా రాయమనండి. డెలివరీ రోజున బ్యాకప్‌ను న్యాస్ నుంచి కొత్త సర్వరులోకి మీ ముందే రీస్టోర్ చేసి, ఈఆర్‌పీ తెరిచి, నిన్నటి ఇన్‌వాయిస్ చూపించాకే బిల్లు మీద సంతకం పెట్టండి. పాత సర్వరును కనీసం ఒక నెలాఖరు, ఒక జీఎస్‌టీ రిటర్న్ దాటేదాకా ఎవరికీ ఇచ్చేయకండి.

బ్యాకప్‌సెట్ టేబుల్ నుంచి గత పన్నెండు నెలల సైజులు, టాప్ టేబుల్స్ రిపోర్టులో మొదటి ఐదు పేర్లు ఇక్కడ పెట్టండి. ఏడాదికి 20 అన్న నా అంచనా ఎక్కువో తక్కువో అప్పుడు చెప్పగలను. కానీ లాగ్ బ్యాకప్ మాత్రం దానికోసం ఆగకుండా బయటి డిస్కు మీదకు ఈ రాత్రే తీయండి.